నోరు విప్పని చిలుక

అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తి తిప్పేవాడు. రెండోవాడు మీసం తిప్పేవాడు. మూడోవాడు మణిదత్తుడు మాత్రం రాళ్లు తిప్పి చూసేవాడు. ఎవరికి ఏ రాయి నప్పుతుందో అడిగి, చూసి, నగ చేయించి ఇచ్చేవాడు. ఊళ్లోవాళ్లు అతని సలహా శ్రద్ధగా విని, పక్కింటావిడ చేయించుకున్నదే కావాలనేవారు.

మణిదత్తుడికి మంజరితో పెళ్లి కుదిరింది. ఇంతలో ధూమకేతుడనే మాంత్రికుడు ఆమెను పెళ్లాడతానని ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు.

మాంత్రికుల ప్రాణం చిలుకలో ఉంటుందని అందరికీ తెలుసు కదా. పెద్దవాడు కత్తి పట్టుకుని చిలుక మీదికి వెళ్లి బండరాయయ్యాడు. రెండోవాడు వల పట్టుకుని వెళ్లి పక్క బండరాయయ్యాడు. మీసం మాత్రం చెక్కుచెదరలేదట.

మూడోవాడు నగల సంచీ పట్టుకుని సముద్రపు ఒడ్డునున్న ఒక తాబేలు వీపెక్కాడు.

"రాకుమారుడివి, తేలిగ్గా ఉంటావనుకున్నాను," అని తాబేలు ఏడు సముద్రాలూ సణిగింది.

ద్వీపంలో ధూమకేతుడు దిగులుగా కూర్చుని ఉన్నాడు. సంచీ చూసి నగల వర్తకుడనుకున్నాడు. "చెవులకు కెంపులు లేనివాడి పక్కన పీటల మీద కూర్చోదటయ్యా ఆ పిల్ల!"

మణిదత్తుడు చిలుకను చూశాడు. అది ఉలకదు, పలకదు. ఒక దవడ ఉబ్బి ఉంది.

"నా దగ్గర మేలైన కెంపు ఒక్కటే ఉంది దొరా. దానికి జోడు మీరే ఇవ్వాలి. రెండూ ఎండలో పక్కపక్కన పెట్టి రంగు కలపాలి."

మాంత్రికుడు ఒక రాయి తెచ్చాడు. మణిదత్తుడు దానిమీద ఊదాడు. ఆవిరి ఎంతకీ ఆరలేదు. "గాజు దొరా."

మాంత్రికుడు రెండోది తెచ్చాడు. మణిదత్తుడు పక్కనుంచి చూశాడు. "పైన కెంపు, కింద గాజు. అతుకు కనిపిస్తోంది. పెళ్లికొచ్చే పిన్నమ్మలు పీటల దగ్గరే అనేస్తారు."

"నా దగ్గర అసలుది లేదనుకున్నావట్రా!" మాంత్రికుడు రోషంతో చిలుక నోట్లోంచి మూడోది తీసి అతని చేతిలో పెట్టాడు.

"హమ్మయ్య!" అంది చిలుక. "అదే వీడి ప్రాణం! ఎవరికీ చెప్పకండి!"

దాన్ని తప్పుపట్టకండి. అన్నేళ్లు నోరు మూసుకోవడం మాటలా?

మణిదత్తుడు కెంపును పట్టకారుతో నొక్కాడు. "మంజరిని వదులు. మా అన్నల్ని మనుషుల్ని చెయ్యి."

"చేస్తా బాబూ, మెల్లగా!"

అందరూ ఇల్లు చేరారు. మణిదత్తుడు ఆ కెంపును పొదిగిన ఉంగరాన్ని పెళ్లిలో మంజరి వేలికి తొడిగాడు. అన్నలు రాజ్యం తమ్ముడికే ఇమ్మన్నారు. బండల్లా ఉన్నప్పుడు ఆలోచించుకునే తీరిక దొరికినట్టుంది. మణిదత్తుడూ మంజరీ ముసలివాళ్లయ్యేదాకా చల్లగా ఏలారు. ఆమె ఆవకాయ కలిపినప్పుడల్లా అక్కడ ధూమకేతుడికి ఒళ్లంతా మంట.

చిలుక మాత్రం ఊరూరా తిరిగి అందరికీ ఇదే చెప్పింది. మా కిటికీ తెరిచే ఉంటుంది.