కాపు లేని ఏడాది ధర

కొండవాగు పక్కన జంతువులన్నీ కలిసి పెంచిన మామిడితోట ఒకటుంది. ఎద్దు దున్నింది, ఉడత టెంకలు తెచ్చి పాతింది, ఎవరి కష్టానికి తగ్గ వాటా వాళ్ళకుంది. పెత్తనం మాత్రం నక్కది. వాటాల్లో సగానికి పైగా కూడా దానివే, ఎలా వచ్చాయని అడగకూడదు. ఉడతకున్నది ఒక్క కొమ్మ. వేసవంతా దాని పిల్లల కడుపు నిండేది ఆ కొమ్మతోనే.

మామిడి ఒక ఏడు విరగకాస్తే మరుసటి ఏడు అలుపు తీర్చుకుంటుంది. అలాంటి కాపు లేని ఏడాది నక్క అందర్నీ పిలిచి కళ్ళు తుడుచుకుంది.

“తోట పాడైపోయిందర్రా! మీ వాటాలు నాకిచ్చేయండి. వాటాకి దోసెడు వేరుశనక్కాయలిస్తా. నష్టమేదో నేనే పడతాను.”

“ధర నువ్వే కడితే ఎలా మావా?” అంది ఉడత.

“ఛ, నేనెందుకు కడతాను? ఎవరి పక్షమూ కాని కొంగగారున్నారుగా!”

ఆ కొంగగారు పొద్దున్నే నక్క ఇంట్లో చేపలు తిని వచ్చింది. ఒంటికాలి మీద నిలబడి తోటంతా చూసి, “కాయలున్నాయా? లేవు. కాబట్టి దోసెడంటే ఎక్కువే,” అంది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

“వచ్చే ఏడు కాస్తుంది కదా!” ఉడత గొంతు చించుకుంది. “అంత పాడైన తోట మావకెందుకంట?”

“ఎందుకు చెల్లెమ్మా గొడవ?” అంటూ ఎద్దు తలూపింది. దాన్ని చూసి మిగతావీ ఊపాయి.

“నేనివ్వను!” అంది ఉడత.

“ఎక్కువమంది సరేనంటే మిగిలినవాళ్ళూ సరేనన్నట్టే. తోట వేసిన రోజే అనుకున్నాంగా,” అని నక్క ఉడత ముందు దోసెడు కాయలు పోసి, తోట చుట్టూ ముళ్ళకంచె వేయించింది. కంచె వేసిందీ, కాపలా కాసిందీ ఎద్దే, కూలికి.

ఉడత ఇంట్లో ఆ వేరుశనక్కాయలు నాలుగు రోజులు కూడా రాలేదు. మరుసటి వేసవి తోట విరగకాసింది. ఉడత పిల్లలు కంచె దగ్గరికొస్తే ఎద్దు మొహమాటపడుతూనే కొమ్ములు ఊపేది. ఉడతకు ఏడుపొచ్చేది.

కాపు చివర్లో నక్క డప్పు కొట్టించింది. “బంగారంలాంటి తోట! మళ్ళీ అందరికీ వాటాలు! వాటాకి ఒక్క బస్తా వేరుశనక్కాయలు!”

“కాయలున్నాయా? ఉన్నాయి. కాబట్టి బస్తా అంటే తక్కువే,” అంది కొంగ.

ఏడాది కూలిగా వచ్చిన వేరుశనక్కాయలన్నీ బస్తాకెత్తి, వీపున వేసుకుని అందరికంటే ముందు నిలబడింది ఎద్దు.

“వచ్చే ఏడు కాపుండదు అన్నా!” అంది ఉడత.

“ఊరుకో చెల్లెమ్మా, కొంగగారే చెప్పారు.”

నీతి: కొనేవాడే కళ్ళు తుడుచుకుంటున్నాడంటే, అది అమ్మాల్సిన రోజు కాదు.