కళ్ళు మూసుకుని వెతికిన గేదె

తెలివంతా తమ ఇంట్లోనే పుట్టి తమ ఇంట్లోనే పెరిగిందని సింహాద్రి నమ్మకం. భార్య నూకాలుదీ, తమ్ముడు ఎర్రయ్యదీ అదే నమ్మకం. వానకి గొడుగు తడిసిపోతుందని చంకలో దాచుకుని నడిచే తెలివి ఇంకెవరికుంటుంది చెప్పండి!

అలాంటి ఇంట్లో ఒకనాడు పొద్దున్నే గేదె తప్పిపోయింది. ఉన్నదే ఆ ఒక్క గేదె. కొట్టంలో దూడ పాలకోసం ఒకటే అరుపు. ముగ్గురూ కొండమీది స్వామి దగ్గరికి పరుగెత్తారు. ఆయనకి ఒంటిమీద నల్ల గొంగళి, వీపు మీద బారెడు జడ. రోజూ వీళ్ళింటి పెరుగే తింటాడు కాబట్టి గేదె సంగతి ఆయనకీ ముఖ్యమే.

"కళ్ళు మోసం చేస్తాయి నాయనా! కళ్ళు మూసుకుని లోపల వెతుకు. ఇదేనని మనసు చెప్తుంది. అదే నిజం. మధ్యలో ఎవరేం చెప్పినా కళ్ళు తెరవకు" అన్నాడు స్వామి.

అంతే. ఇంటికొచ్చి ముగ్గురూ కళ్ళు గట్టిగా మూసేసుకున్నారు. లోపల వెతకమన్నాడు కదా, వంటింట్లో మొదలెట్టారు. ఎర్రయ్య అటకెక్కి, నిచ్చెన లేనివైపు దిగాడు. నూకాలు ఆవకాయ జాడీలో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికి, అదే చేత్తో కళ్ళు నలుపుకుంది.

"ఓలమ్మో, కళ్ళు మండిపోతన్నాయి!"

"జ్ఞానం వచ్చినప్పుడు అలాగే మండుద్దే, ఓర్చుకో" అన్నాడు సింహాద్రి. అలా అంటూ పెరట్లోకి నడిచి కుడితి తొట్టిలో పడ్డాడు.

అంతలో గేదె తనంతట తానే వచ్చి పెరట్లో నిలబడింది. ఎర్రయ్య వెళ్ళి దాన్ని గుద్దుకున్నాడు.

"అన్నా, ఇక్కడేదో గేదెలాగుంది!"

"ఇదేనని నీ మనసు చెప్పిందేట్రా?"

"లేదన్నా. ఆకలేస్తందని మాత్రం చెప్పింది."

"అయితే మనది కాదు. తోలెయ్!"

పాపం, గేదె నాలుగు దెబ్బలు తిని కొట్టం వెనక్కి పోయి నిలబడింది. సరిగ్గా అప్పుడే స్వామి పెరుగు కోసం ముంత పట్టుకుని వచ్చాడు. సింహాద్రి చేతికి గొంగళి తగిలింది. ఇంకేముంది!

"చెప్పింది! నా మనసు చెప్పింది! ఇదే!"

ఎర్రయ్య జడ పట్టుకున్నాడు. "తోక కూడా ఉందన్నా! మరి కొమ్ములేవి?"

"కొమ్ములు తర్వాత చూద్దాం. ముందు నమ్మరా!"

పలుపు మెడకి తగిలించి గుంజకి కట్టేశారు.

"ఒరే, నేనురా, స్వామిని! కళ్ళు తెరిచి చూడండ్రా!"

"విన్నావా నూకాలూ? తెరవమంటంది. ఎవరేం చెప్పినా తెరవొద్దన్నారు స్వామి!"

నూకాలు తడుముకుంటూ వెళ్ళి దూడని విప్పింది. దూడకి స్వామి మీద భక్తీ లేదు, మూసుకున్న కళ్ళూ లేవు. తిన్నగా కొట్టం వెనక తల్లి దగ్గరికి పరుగెత్తి, చప్పచప్ప పాలు తాగడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వినేసరికి నూకాలుకి ఏడుపొచ్చేసింది.

"తాగుతందయ్యా, కడుపునిండా తాగుతంది! అంతా స్వామి మహిమ!"

సింహాద్రి కూడా రెండు చేతులూ జోడించాడు. "స్వామి లేకపోతే ఈ గేదె మనకి దక్కేదా? ఆయనకే దానమిచ్చేద్దాం!"

"నన్ను నాకే ఇస్తారట్రా!" అని స్వామి లబోదిబోమన్నాడు. ఎవరు వింటారు? ముందు సింహాద్రి పలుపు లాగుతూ, వెనక ఎర్రయ్య అదిలిస్తూ, ముగ్గురూ కళ్ళు మూసుకునే కొండెక్కారు. స్వామిని ఆయన గుడిసె ముందే రాటకి కట్టేసి, లోపలికి తల పెట్టి పిలిచారు.

"స్వామీ! గేదెని తెచ్చాం!"

"ఇక్కడున్నాన్రా!" అని రాట దగ్గర్నుంచి కేక వచ్చింది.

"లోపల పలకడం లేదు. స్వామి ఊళ్ళో లేనట్టుంది" అంది నూకాలు. ఆయన వచ్చేదాకా గేదె పస్తుండకూడదని, దాని ముందు మోపెడు గడ్డి వేసి ఇంటికి బయల్దేరారు.