ఇసుక ఇచ్చిన నీళ్ళు

అనగా అనగా, ఎండిపోయిన ఒక ఏటి ఒడ్డున చిన్న ఊరు ఉండేదిరా బంగారూ. ఆ ఊళ్ళో సుంకమ్మ అనే పిల్ల ఉండేది. ఇదిగో, నీ అంతే ఉండేది.

ఒక ఎండాకాలం వాళ్ళమ్మకి జ్వరం వచ్చింది. నాలుక పిడచ కట్టుకుపోయింది. ఊరి బావిలో చూస్తే అడుగున బురదే మిగిలింది. ఆ నీళ్ళు తాగిస్తే జ్వరం ఇంకా ముదురుతుంది కదా! అప్పుడు సుంకమ్మ చిన్న కడవ, కొబ్బరి చిప్ప పట్టుకుని ఏట్లోకి పరిగెత్తింది. ఇసుకలో చెలమ తవ్వింది. చెలమంటే తెలుసుగా, ఇసుకలో గుంట తీస్తే నీళ్ళు ఊరుతాయే, అదీ.

తడి తగలగానే చిప్ప ముంచింది. బురద వచ్చింది. అప్పుడు దాన్ని పారబోసి ఇంకా లోతుగా తవ్వింది. అంచులు విరిగిపడి గుంట సగం పూడిపోయింది.

అటుగా మేకల్ని తోలుకొస్తున్న వీరక్క నవ్వింది. "ఏమే సుంకీ, మీ అమ్మకి బురద పాయసం వండుతున్నావా? ఇసుకని తొందరపెట్టకే, అలుగుతుంది. ఆ మురికి తోడిపారేసి ఊరికే కూచో."

ఆ తర్వాత సుంకమ్మ మూడోసారి గుంట తీసింది. మురికంతా తోడేసి కూచుంది. అమ్మ గుర్తొచ్చినప్పుడల్లా చెయ్యి చిప్ప మీదకి పోతోంది. ఆ చేతిని ఒళ్ళో అదిమి పట్టుకుంది. అప్పుడు ఇసుక సందుల్లోంచి ఒక్కో చుక్కా జారింది. మట్టినంతా ఇసుక తన దగ్గరే ఉంచేసుకుని, నీళ్ళని మాత్రం వదిలింది. అడుగున గులకరాళ్ళు కూడా కనపడ్డాయి. సుంకమ్మ మెల్లగా తోడి కడవ నింపుకుంది.

వాళ్ళమ్మ గటగటా తాగింది. "ఎంత చల్లగా ఉన్నాయే తల్లీ! చెలమ మీద ముళ్ళకంప కప్పొచ్చావా?" అంది.

అయ్యో, మర్చిపోయింది! కంప కప్పకపోతే గొడ్లు దిగి తొక్కేస్తాయి. మళ్ళీ అమ్మకి నీళ్ళెలా?

అప్పుడు ఏడుస్తూ పరిగెత్తింది. చూస్తే, చెలమ నిండుగా ఊరి ఉంది. పక్కన వీరక్క ఎండలో నిలబడి, కర్ర అడ్డం పెట్టి తన మేకల్నే ఆపుతోంది. ఆవిడ పెదాలు ఎండి పగిలాయి.

"నువ్వైనా తాగలేదా అక్కా?"

"బాగుందే! మన ఏట్లో తవ్వినవాళ్ళు పోస్తేనే కదా ఎవరైనా తాగేది. పోయవే మరి!"

సుంకమ్మ కళ్ళు తుడుచుకుని, చిప్ప ముంచి, వీరక్క దోసిట్లో పోసింది. ఆ తర్వాత మేకలకి పోసింది. చిప్పలో మిగిలిన నాలుగు చుక్కలూ ఇసుక మీద చల్లి, "ఇవి నీకు" అంది. ఇద్దరూ కలిసి కంప కప్పారు.

చెలమ ఊరింది, కడవ నిండింది,
కథేమో కంచి దారి పట్టింది,
మా బంగారానికి నిద్ర పట్టింది.