మహామంత్రి చెప్పిన సాక్ష్యం

ఒకానొకప్పుడు సోమగిరి రాజ్యాన్ని కువలయాదిత్యుడనే రాజు ఏలేవాడు. తన చెవులు మహా సుకుమారమైనవని ఆయన నమ్మకం. అందుకని ఒక శాసనం చాటించాడు: "ఎదుటివారి మనసు మండేలా పలికే చేదుమాటకు దూషణ అని పేరు. ఏ కారణం చేతనైనా సరే, దూషణ పలికినవారు ఈ రాజ్యంలో ఉండరాదు."

ఆ శాసనానికి మొదట చిక్కింది పెరుగమ్ముకునే ఓబులమ్మ. మహామంత్రి భద్రశర్మ పల్లకి తగిలి ఆమె కుండ పగిలింది. పెరుగంతా నేలపాలైంది. మంత్రి జాలిపడకపోగా, దారికి అడ్డం వచ్చావంటూ ఆమెనే కసిరాడు. ఓబులమ్మ నోరు చేసుకుంది. మర్నాడు ఆమెను సభలో నిలబెట్టారు.

"పిల్లలున్నదాన్ని మహారాజా, ఊరు విడిచి ఎక్కడికి పోను?" అంది.

"శాసనం శాసనమే," అన్నాడు రాజు.

అప్పుడు ఆస్థాన విదూషకుడు తిప్పన లేచాడు. "ప్రభూ, ఆమె పలికింది దూషణో కాదో ఆ మాట వింటేగాని తేలదు. మంత్రిగారు సాక్ష్యం చెబితే బాగుంటుంది."

"చాలా నీచంగా మాట్లాడింది ప్రభూ," అన్నాడు మంత్రి.

"అది మీ అభిప్రాయం. మాకు కావలసింది ఆమె మాట. సింహాసనం వైపు తిరిగి, అక్షరం పొల్లుపోకుండా ఆమె అన్నట్టే చెప్పండి."

మంత్రికి కోపమింకా చల్లారలేదు. రాజు కళ్లలోకి చూస్తూ, చెయ్యి తిప్పుతూ గొంతెత్తాడు. "నీ మొహం మండ, నీ పల్లకి పాడెగాను!"

సభ బిక్కచచ్చిపోయింది. రాజు మొహం జేవురించింది. "ఎవరి మొహం?" అన్నాడు.

మంత్రి గబగబా చేతులు జోడించాడు. "అది ఆమె మాట ప్రభూ. నేను తిట్టలేదు, తిట్టు చెప్పాను."

"తమ మనసు మండిందా ప్రభూ?" అని అడిగాడు తిప్పన.

"మండింది."

"అయితే మంత్రిగారు కూడా మూటాముల్లె సర్దుకోవాలి."

"కారణం చూడకుండా శిక్షిస్తారా?" అని వాపోయాడు మంత్రి.

"ఓబులమ్మ తరఫున నేనూ అదే అడుగుతున్నాను," అన్నాడు తిప్పన మెల్లగా. "అదే మాట మీ నోట సాక్ష్యమైతే, ఆమె నోట కష్టం చెప్పుకోవడం కాకూడదా?"

రాజు ఓబులమ్మను దగ్గరికి పిలిచి, జరిగినదంతా చివరిదాకా విన్నాడు. అంతా విన్నాక ఇక నవ్వు ఆపుకోలేకపోయాడు.

"నా మంత్రి చేతనే నన్ను తిట్టించావు కదరా తిప్పనా," అంటూ మెడలోని ముత్యాలహారం తీసి అతని మెడలో వేశాడు. ఆ శాసనం ఆ పూటే రద్దయింది. పగిలిన కుండకు పరిహారం మంత్రే ఇవ్వాలని రాజు ఆజ్ఞాపించడంతో ఓబులమ్మ ఆయన పశువులశాలకు వెళ్లి, తనకు నచ్చిన పాడిగేదెను తానే ఏరుకుని, తలెత్తుకుని ఇంటికి తోలుకుపోయింది.