రాజుగారి చదివింపు

ఒకానొక రాజ్యంలో ధీరకేసరి అనే రాజు ఉండేవాడు. మనిషి మంచివాడే, డాబుకే పట్టపగ్గాల్లేవు. ఎవరింట పెళ్ళయినా సరే, అందరికంటే పెద్ద చదివింపు తనదే కావాలి. పందిట్లో పురోహితుడు ఆ కానుక పేరెత్తి గట్టిగా చదువుతుంటే మీసం దువ్వుకుంటూ కూర్చునేవాడు.

ఒకనాడు కొలువులో మంత్రి అన్నాడు: "ఏలినవారూ! మన నగరంలో ఏ గడప తొక్కినా పండితుడే. పల్లెల్లో ఓనమాలు వచ్చినవాడు కలికానికైనా దొరకడు. ఆ బుర్రలకు చదువు అబ్బదు. అక్కడ బడులు దండగ."

"నిజమే సుమా! వచ్చే పున్నమికల్లా పల్లె బడులన్నీ ఎత్తేయండి" అన్నాడు రాజు.

విదూషకుడు మల్లుభొట్లు గుండె గుభేలుమంది. అతనిది తుమ్మలదొడ్డి అనే పల్లెటూరు. అక్క పిల్లలు ఇప్పుడిప్పుడే గుణింతాలు దిద్దుతున్నారు. బడి పోతే వాళ్ళ చదువు గోదాట్లో కలిసినట్టే! ఎదురుచెబుదామా అంటే రాజుగారి కోపం సంగతి తెలియనిదా? చేతులు కట్టుకుని, "ప్రభూ, ఈ వారంలోనే మా అక్క పెద్దకూతురు గౌరి పెళ్ళి. తమరు దయచేస్తే మా పల్లె ధన్యమవుతుంది" అన్నాడు.

రాజు ఉబ్బితబ్బిబ్బై మంత్రిని వెంటబెట్టుకుని మరీ వెళ్ళాడు.

తాళి కట్టడం అయింది. పురోహితుడు చదివింపులు మొదలుపెట్టాడు. వచ్చినవాళ్ళంతా తాహతుకొద్దీ చదివించారు. చివరికి రాజు లేచి పందిరి అదిరేలా అన్నాడు: "ఏమోయ్ మల్లుభొట్లూ! చదివించడంలో నన్ను మించినవాడు పుట్టలేదు. ఏం చదివించమంటావో నువ్వే కోరుకో!"

"ప్రభువులు మాట తప్పరు కదా?"

"ఎంతమాట! మా వంశంలోనే లేదు."

మల్లుభొట్లు ముంగాళ్ళ మీద కూర్చుని, పందిట్లో ఆడుకుంటున్న పిల్లలందరినీ చూపించాడు. "అయితే వీళ్ళని చదివించండి ప్రభూ!"

మంత్రి ఉండబట్టలేక, "పల్లెటూరి పిల్లలకు చదువేమిటయ్యా!" అని గొణిగాడు.

"మంత్రివర్యా, నగరంలో వీధికో బడి. ఇక్కడ పది ఊళ్ళకీ కలిపి ఒక్క పంతులు. విస్తరి వెయ్యకుండానే వీడికి ఆకలి లేదంటే ఎలాగండీ?" అన్నాడు మల్లుభొట్లు.

రాజు పిల్లల వంక చూశాడు, మంత్రి వంక చూశాడు, ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఓరి గడుసుపిండమా! నా నోటితోనే నన్ను కట్టేశావు కదరా! అయ్యవారూ, చదవండి: రాజుగారి చదివింపు, ఊరికో బడి!"

అమ్మయ్య! మల్లుభొట్లు ప్రాణం లేచొచ్చింది. అక్కయ్య అయితే ఆనందం పట్టలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

రాజు తన ముత్యాల హారం తీసి మల్లుభొట్లు మెడలో వేశాడు. "ఇదేం చదివింపు ప్రభూ? పెళ్ళి నాది కాదుగా!" అన్నాడతను.

"చదివింపు కాదోయ్, గురుదక్షిణ!" అన్నాడు రాజు.