రాజుగారి చేత్తో పేలిన ఫిరంగి

చుట్టూ మూడు కొండలు, నడుమ ఒక వాగు, ఒక కొండ నెత్తిన కోట. త్రిగిరి అనే ఆ రాజ్యం అంతకంటే పెద్దదేమీ కాదు. దాన్ని ఏలే భైరవరాయలవారి బిరుదులకు మాత్రం ఆ మూడు కొండలూ చాలేవి కావు.

రాయలవారికి ఒక పట్టింపు ఉండేది. తాను ఏం చేసినా లోకం ఆ క్షణంలోనే జవాబు పలకాలి. ఆయన సింహాసనం మీద కూర్చోగానే కోట ఫిరంగి పేలాలి, వందిమాగధుడు బిరుదులు అందుకోవాలి. ఆ వేళ సభలో ఎవరూ రాజు ముఖం మీద నుంచి చూపు తిప్పకూడదు. దగ్గొచ్చినా ఆపుకోవాల్సిందే.

ఫిరంగి కొలువుకూటం పక్కనే ఉండేది. అది పేలినప్పుడల్లా పైకప్పు నుంచి సున్నం రాలేది. ఒకనాడు అరచెయ్యంత పెచ్చు ఊడి రాయలవారి కిరీటం మీదే పడింది. మల్లుభట్టు అని ఆ కొలువులో ఒక చమత్కారి ఉండేవాడు. నోరు ఊరుకోని మనిషి. "ప్రభూ, ఈ ఫిరంగికి శత్రువులు దొరక్క మనమీదే గురిపెడుతున్నది. ఎదురుకొండ మీదికి పంపించండి, దాని కోపం అక్కడే తీర్చుకుంటుంది" అన్నాడు. రాయలవారు నవ్వి, అలాగే కానిమ్మన్నారు.

ఎడ్లను కట్టి ఫిరంగిని అరక్రోసు దూరాన ఉన్న ఎదురుకొండ ఎక్కించారు. ఏర్పాటు కూడా చక్కగానే చేశారు. రాజు కూర్చోగానే సింహాసనం వెనక నిలబడ్డ సేవకుడు తాడు లాగుతాడు. బురుజు మీద ఎర్రజెండా లేస్తుంది. అది చూసి గోలందాజు మీరాసాహెబు ఫిరంగికి నిప్పంటిస్తాడు. అతను ముప్పై ఏళ్ళుగా ఆ ఫిరంగి పేల్చేవాడే.

మర్నాడు రాయలవారు దర్జాగా కూర్చున్నారు. జెండా లేచింది. మోత లేదు. వందిమాగధుడు బెదురుతూ బిరుదులు మొదలుపెట్టాడు. "శత్రుగజకేసరి, మేరునగధీర, త్రిగిరిదుర్గాధీశ్వర, కదనభీమ" అన్నాడో లేదో అప్పుడు వినిపించింది ఫిరంగి. పొరుగు రాజ్యం నుంచి వచ్చిన రాయబారి ఉత్తరీయం అంచుతో పెదవులు తుడుచుకున్నాడు. నవ్వు దాచుకుంటున్నాడని రాయలవారికి తెలిసిపోయింది.

మీరాసాహెబుకు చీవాట్లు పడ్డాయి. ఆ మరునాడూ అదే వరస. మోత మళ్ళీ కదనభీమ దగ్గరే వినిపించింది. జెండా లేవగానే నిప్పు పెట్టానని అతను అల్లామీద ఒట్టేసి చెప్పినా ఎవరూ వినలేదు. ఆస్థాన పండితుడు వామనాచార్యులవారు లేచి శాస్త్రం విప్పారు.

"శబ్దం ఆకాశానికి గుణం. ఆకాశం అంతటా నిండి ఉంది. కాబట్టి శబ్దం పుట్టిన క్షణాన్నే అంతటా ఉంటుంది. అది దారిలో ఆలస్యం కావడమన్నది లేదు ప్రభూ. ఆలస్యమంతా ఆ చేతిలోనే ఉంది."

రాయలవారికి ఈ మాట బాగా నచ్చింది. రాయబారికి వినబడేలా గొంతు పెంచి శాసనం చెప్పారు. పౌర్ణమి నాడు పెద్ద దర్బారు ఉంది. ఆ రోజు కూడా ఫిరంగి ఆలస్యమైతే దానికి నిప్పు పెట్టిన చెయ్యి నరికించేస్తారు. "అది ఏ చెయ్యయినా సరే" అని, మాట గంభీరంగా ఉంటుందని, చివర ఒక ముక్క కూడా తగిలించారు.

మల్లుభట్టుకు ఆ పూట అన్నం సయించలేదు. ఫిరంగిని కొండెక్కించింది తన పరాచికమే కదా. నలుగురిని నవ్విద్దామని అన్న మాటకు ఒక మనిషి చెయ్యి పోబోతున్నది.

మర్నాడు కొలువుకు ఎగనామం పెట్టి ఎదురుకొండ ఎక్కాడు. మీరాసాహెబు ఫిరంగి పక్కన గొంతుక్కూర్చుని కుడిచెయ్యి ముడుస్తూ, చాపుతూ ఉన్నాడు. మోచేతికి భార్య కట్టిన తాయెత్తు వేలాడుతోంది.

"భట్టుగారూ, మొదట అంతా అబద్ధమనుకున్నాను. ఇప్పుడు నాకే అనుమానంగా ఉంది" అన్నాడు అతను. "ఇంతమంది పెద్దలు చెబుతున్నారు. నా చెయ్యే మొద్దుబారిందేమో. నాకు తెలియకుండానే ఆగుతోందేమో."

చెయ్యి పోతుందన్న భయం కంటే, తన చెయ్యి మీద తనకు నమ్మకం పోవడమే ఆ ముసలివాణ్ణి ఎక్కువ కుంగదీసింది. మల్లుభట్టు పక్కనే కూర్చున్నాడు. బురుజు మీద జెండా లేచింది. మల్లుభట్టు బిరుదులు అందుకున్నాడు. "శత్రు" అనేలోపే చెవులు గింగురుమన్నాయి. ఆలస్యమన్నది లేనే లేదు.

మరి కొలువులో వినిపించే ఆలస్యం ఎక్కడి నుంచి వచ్చినట్టు?

ఆలోచిస్తూ కొండ దిగాడు. మరునాడు కొండకూ కోటకూ సరిగ్గా నడుమనున్న వాగు ఒడ్డున నిలబడ్డాడు. జెండా లేవగానే కొండమీద నిప్పు మెరిసింది, తెల్లటి పొగ లేచింది. మోత లేదు. శత్రుగజకేసరి దాటింది. మేరునగధీర అంటుండగా వచ్చింది మోత. కొండమీద అసలు ఆలస్యం లేదు, సగం దారిలో సగం ఆలస్యం, కోటలో పూర్తి ఆలస్యం. మల్లుభట్టు వాగు ఒడ్డునే కూర్చుండిపోయాడు. మోత నడిచి వస్తున్నది. ఎంత దూరమైతే అంత సేపు.

సంతోషం పట్టలేక పరుగున వెళ్ళి కొలువులో చెప్పేశాడు. మిద్దె మీదికి రండి ప్రభూ, నిప్పు ముందు కనిపిస్తుంది, మోత తర్వాత వినిపిస్తుంది, మీరే చూడండి అని బతిమాలాడు. వామనాచార్యులవారు చిన్నగా నవ్వారు. ముందు కనిపించేది పైన పోసిన తుపాకిమందు మంట అనీ, సోమరితనంతో మందు తడిపేసుకుంటే లోపలిది నింపాదిగా అంటుకుంటుందనీ, దీనివల్ల గోలందాజు తప్పు ఇంకా గట్టిపడిందనీ తేల్చేశారు. మా ఫిరంగి మోత మా దగ్గరికి రావడానికి మార్గాయాసం పడుతుందా అని రాయలవారు కసిరారు. మల్లుభట్టు చెప్పిన నిజం మీరాసాహెబు మెడకే చుట్టుకుంది.

అప్పుడు అర్థమైంది మల్లుభట్టుకు. రాయలవారు ఇంకొకరి కళ్ళను నమ్మరు, ఇంకొకరి చెవులను నమ్మరు. ఆయన నమ్మే మనిషి రాజ్యంలో ఒక్కడే ఉన్నాడు.

పౌర్ణమికి ముందురోజు కొలువులో మల్లుభట్టు చేతులు కట్టుకుని లేచాడు. "ప్రభూ, ఆచార్యులవారి మాట నాకు ఇప్పటికి తలకెక్కింది. లోపమంతా చేతిలోనే ఉంది. సామాన్యుడి చేతికి ఆ చురుకు ఎక్కడిది? ఆలస్యమెరుగని చెయ్యి ఈ లోకంలో ఒకటుందని రేపు రాయబారిగారికి చూపించాలి. అది ఎవరిదో నేను వేరే చెప్పాలా?"

రాయలవారు తన కుడిచేతిని ఒకసారి తిప్పి చూసుకున్నారు. ఉంగరాలు సర్దుకున్నారు. ఆయన ఆ పొగడ్తకు పడిపోయారని మల్లుభట్టుకు ఆ ఉంగరాల దగ్గరే తెలిసింది.

వామనాచార్యులవారు వెనకబడతారా? ప్రభువులు కొండమీద స్వహస్తంతో నిప్పు పెట్టాలనీ, ఇక్కడ ప్రభువులకు బదులు వారి ఖడ్గాన్ని తానే సింహాసనం మీద ఉంచుతాననీ, ఖడ్గం తాకిన క్షణాన్నే మోత వినిపించి తీరుతుందనీ పూచీ పడ్డారు. అలా వినిపిస్తే ఇన్నాళ్ళూ తప్పు గోలందాజుదేనని రుజువైనట్టు కాబట్టి, అతని చెయ్యి అక్కడికక్కడే తీయించవచ్చని కూడా గుర్తుచేశారు.

"రేపటికి కూడా శాసనం అదేనా ప్రభూ? ఏ చెయ్యయినా సరేనా?" అని అడిగాడు మల్లుభట్టు.

"మా మాట రోజుకొకటి ఉండదు" అన్నారు రాయలవారు.

తెల్లవారి దర్బారు కిటకిటలాడింది. మీరాసాహెబును కట్టి తెచ్చి ఒక మొద్దు ముందు కూర్చోబెట్టి, కుడిచెయ్యి దాని మీద పెట్టించారు. తలారి కత్తి పట్టుకుని పక్కన నిలబడ్డాడు. రాయలవారు గుర్రమెక్కి కొండకు వెళ్ళి అప్పటికే చాలాసేపయింది. మీరాసాహెబు మల్లుభట్టు వైపు ఒక్కసారి చూశాడు. మల్లుభట్టు చూపు దించేసుకున్నాడు. గాలి ఎదురు తిరిగితే, మందు అంటుకోకపోతే, తాను విన్నది పొరపాటైతే ఏమిటి గతి? ఒకవేళ అంతా తాను అనుకున్నట్టే జరిగినా, రాజును ఉచ్చులోకి దింపినవాడి తల మెడ మీద ఉంటుందా? ముందురోజు రాని ఆలోచనలన్నీ అప్పుడే వచ్చాయి.

వామనాచార్యులవారు ఖడ్గాన్ని రెండు చేతులా ఎత్తి సింహాసనం మీద ఉంచారు. సేవకుడు తాడు లాగాడు. జెండా లేచింది.

మోత లేదు.

"శత్రుగజకేసరి" అన్నాడు వందిమాగధుడు. ఎవరూ కదల్లేదు.

"మేరునగధీర." ఆచార్యులవారి చెయ్యి ఇంకా ఖడ్గం మీదే ఉంది.

"త్రిగిరిదుర్గాధీశ్వర." మీరాసాహెబు కళ్ళు మూసుకున్నాడు.

"కదనభీమ" అన్నాడు మాగధుడు లోగొంతుకతో. అప్పుడు పేలింది ఫిరంగి.

మోత ఆగిపోయింది. తలారి చేతిలోని కత్తిని చూసుకున్నాడు, మీరాసాహెబును చూశాడు, తలుపు వైపు చూశాడు. ఏ చెయ్యి నరకాలో అతనికి పాలుపోలేదు. శాసనం అందరికీ కంఠస్థమే, కానీ పెదవి కదిపినవాడు లేడు.

రాయలవారు తిరిగి వచ్చారు. మీసాల మీద మసి, ముఖం మీద వెలుగు. పెళ్ళి ఊరేగింపు దిగిన కుర్రాడిలా ఉన్నారు. ఎలా వినిపించింది అని అడిగారు. సభికులు ఆచార్యులవారి వైపు చూశారు. ఆచార్యులవారిని పేరు పెట్టి అడిగారు.

"సరిగ్గా వేళకే ప్రభూ" అన్నారు ఆచార్యులవారు.

"అయితే మీరాసాహెబు కట్లు విప్పించండి ప్రభూ" అన్నాడు మల్లుభట్టు. "అతని మోత రోజూ కదనభీమ దగ్గరే వినిపించేది. ఇవాళ కూడా అక్కడే వినిపించింది. ఇది వేళకైతే అదీ వేళకే."

రాయలవారి ముఖంలో వెలుగు ఆరిపోయింది. మాగధుణ్ణి చూశారు. వాడు తలవంచాడు. రాయబారిని చూశారు. ఆయన ఉత్తరీయం మళ్ళీ పెదవుల దాకా వెళ్ళింది.

"అంటే మా చెయ్యి ఆలస్యమైందంటావా?" రాయలవారి చెయ్యి నడుము మీదికి పోయింది. ఒర ఖాళీగా ఉంది. ఖడ్గం సింహాసనం మీద ఉన్నది. అదే మల్లుభట్టును ఆ క్షణాన కాపాడిందని తర్వాత చాలామంది అనుకున్నారు.

"నేననలేదు ప్రభూ. తమరే చెప్పాలి. ఆలస్యమైందా?"

"లేదు. జెండా లేచింది, నిప్పు పెట్టాం, చెవులు దిమ్మెక్కేలా పేలింది. నడుమ రెప్పపాటు కూడా లేదు. మా కళ్ళతో చూశాం, మా చెవులతో విన్నాం."

"మీరాసాహెబు కూడా ఇన్నాళ్ళూ ఈ మాటే చెప్పాడు ప్రభూ."

రాయలవారు మొద్దు ముందు కూర్చున్న ముసలివాడి వైపు మొదటిసారి తిరిగి చూశారు. చివరికి, అక్కడ పేలడానికీ ఇక్కడ వినిపించడానికీ మధ్యకాలం ఎక్కడికి పోయిందని అడిగారు. ఆ గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలన్న ఆరాటం ఉంది.

"దారిలో ఉంది ప్రభూ. చూపు ఈ లోయను ఒక్క గెంతున దాటేస్తుంది. మోత నడిచి వస్తుంది. వాగు దగ్గర నిలబడితే మేరునగధీర దగ్గరే అందుతుంది. ఇక్కడికి రావడానికి ఇంకో అంత నడవాలి. ఉరుము కూడా అంతే కదా. మెరుపు ముందు మెరుస్తుంది, ఉరుము తీరిగ్గా వస్తుంది. మన శాసనం ప్రకారమైతే ముందు ఇంద్రుడి చెయ్యి నరికించాలి. తలారికి నిచ్చెన సరిపోదు."

ఒక్క క్షణం ఏమవుతుందో ఎవరికీ తెలియలేదు. తర్వాత రాయలవారి మసి మీసాలు అదిరాయి. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. రాయబారి ఉత్తరీయం వదిలేసి హాయిగా నవ్వాడు. ఆచార్యులవారు మాత్రం పైకప్పులో సున్నం పెచ్చుల కోసం వెతుకుతున్నట్టు తలెత్తి చూస్తూ ఉండిపోయారు.

ఏం కావాలో కోరుకోమన్నారు రాయలవారు.

"ఆ మొద్దు మీదున్న కుడిచెయ్యి నాకిప్పించండి ప్రభూ."

"ఇచ్చాం. ఇంతకీ దాన్ని ఏం చేసుకుంటావు?"

"దాని చోటే దానికి బాగుంటుంది. మీరాసాహెబు భుజానికే ఉండనివ్వండి. ఇక మీదట దాని జోలికి ఎవరు రావాలన్నా నన్నడిగి రావాలి."

కట్లు విప్పారు. మీరాసాహెబు ఆ చేతిని కళ్ళకద్దుకున్నాడు. మల్లుభట్టు దగ్గరికి వచ్చి దాన్ని అతని భుజం మీద వేసి అలాగే నిలబడ్డాడు. ఆ చెయ్యి కొంచెమైనా వణకడం లేదు.

మర్నాటి నుంచి ఏర్పాటు మారింది. మల్లుభట్టు చెప్పినట్టే రాయలవారు సింహాసనం ముందుకు వచ్చి నిలబడగానే జెండా లేచేది, బిరుదులు మొదలయ్యేవి. ఆయన చెవులు రిక్కించుకుని ఒక్కొక్క బిరుదూ వింటూ నిలబడి, కదనభీమ దగ్గర చటుక్కున కూర్చునేవారు. అదే క్షణాన మోత కొలువును ఊపేసేది. త్రిగిరి రాజు కూర్చుంటే చాలు, కొండమీది ఫిరంగి పేలుతుందని ఊరూరా చెప్పుకున్నారు. ఫిరంగి మోత వచ్చేదాకా రాజే నిలబడి ఉంటాడని మాత్రం ఆ కొలువుకూ, కొండమీద నిప్పు పట్టుకున్న ఆ చేతికీ తెలుసు.