పైడమ్మ కోసం వంగిన పొలిమేర

ఊఁ కొడతానంటేనే చెబుతాను. కొట్టనివాళ్ళు లేచి వెళ్ళి గేదెలకి గడ్డి వెయ్యండి.

అనగనగా ఒక ఊరు. ఎప్పటి మాటో నన్నడక్కండి, మా తాతమ్మకే తెలీదు. ఊరి పేరు రాతిమెట్ట. ఆ ఊళ్ళో పిల్లకి పదిహేనో ఏడు వచ్చిందంటే తల్లి గుండెల్లో రాయి పడేది. ఎందుకంటే ఆ ఏడే పట్టుడు.

పట్టుడంటే ఏమిటో చెబుతాను వినండి. ఊరి పెద్ద ఒక పీట వేసి దాని మీద మూడు పనిముట్లు పెట్టేవాడు. నాగటి కర్రు ఒకటి, ఉలి ఒకటి, ఘంటం ఒకటి. పిల్లలు ఒక్కొక్కళ్ళే వచ్చి ఒకదాన్ని పట్టుకోవాలి. కర్రు పడితే సేద్యం. ఉలి పడితే రాతిపని. ఘంటం పడితే తాటాకు మీద రాత. పట్టినదే బతుకంతా చెయ్యాలి. పట్టుడు ముగియకుండా పీట దగ్గర్నించి లేచినా తప్పే. అలాంటివాళ్ళకి ఇక ఊళ్ళో చోటు లేదు. ఊరి పెద్ద గొంతెత్తి అరిచేవాడు: "పట్టిందే పని! విడిస్తే పొలిమేర!"

నీకేం ఇష్టమే అని పిల్లల్ని ఎవరైనా అడిగేవాళ్ళా? ఆఁ, అడిగారు! తల్లిదండ్రులు ముందే చెవిలో ఊదేవాళ్ళు, "ఘంటం పట్టు, నీడపట్టున కూర్చునే పని" అని. మూడేళ్ళు వరసగా అందరూ ఘంటమే పట్టారు. అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్ళెవరు? రాసేవాళ్ళు ఎక్కువై తాటాకులు చాల్లేదు. ఉలి పట్టినవాడు ఒక్కడూ లేడు. ఊళ్ళో మిగిలిన ఒకే ఒక్క రాతిపని ముసలాయనకి చెవులు మందగించాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీంతో పనుంది.

ఆ ఊళ్ళో సాన పైడమ్మ అని ఒకావిడ ఉండేది. దారి పక్కన సానరాయి వేసుకుని అందరి పనిముట్లకీ పదును పెట్టేది. చిన్నప్పుడే ఎక్కడినించో వచ్చిందట. అయినవాళ్ళు లేరు. సాన పట్టడం ఒక పనేనా అని ఊరు ఆవిణ్ణి పట్టుడులో కూర్చోబెట్టలేదు. కానీ ఆవిడకి తెలిసినంత ఊరికి తెలీదు. ఇనుము అరిగిన తీరు చూసి చెయ్యి సంగతి చెప్పేసేది. "ఇష్టం లేని చేతిలో కత్తి ఒక పక్కకే అరుగుద్ది నాయనా" అనేది.

రాతగాడు సింహాద్రికి ఒక్కగానొక్క కూతురు, నీలాలు. తండ్రి ఘంటం పుచ్చుకుని సాన దగ్గరికి తరచూ వచ్చేది. నెలకి మూడు మొనలు విరగ్గొట్టేది మరి! రాత వంకరటింకర. కానీ పిడికిట్లో ఎప్పుడూ ఒక గులకరాయి ఉండేది. కనబడ్డదాన్నల్లా దాంతో తట్టేది. కుండ తట్టేది, రోలు తట్టేది, గోడ తట్టేది. తండ్రికి ఒళ్ళు మండి ఆ చేతి మీద ఒక్కటిచ్చేవాడు.

ఒకనాడు సానరాయిని తట్టి, "మామ్మా, దీని లోపల పగులుంది. వానాకాలం దాటదు" అంది నీలాలు.

పైడమ్మ నవ్వింది. "నీకెలా తెలుసే?"

"మంచి రాయి మోగుద్ది. పగిలిన రాయి మూలుగుద్ది."

ఆ వానాకాలంలోనే సానరాయి రెండు ముక్కలైంది. పైడమ్మ ఇంకో రాయి తెచ్చుకుంది. ఈసారి మాత్రం నవ్వలేదు.

ఆ యేడు ఊరి పెద్ద దాలినాయుడు పట్టుడు కోసం కొత్త రాతి మండపం కట్టించాడు. నిలబెట్టింది ఎవరు? ఆ చెవులు మందగించిన ముసలాయనే.

పట్టుడు రోజు వచ్చింది. పిల్లలు పన్నెండుమంది. పదకొండుమంది రాతి కప్పు కింద పీట చుట్టూ కూర్చున్నారు. పన్నెండోది నీలాలు. లోపలికి వస్తూ వస్తూ అలవాటుగా స్తంభాన్ని తట్టింది. మళ్ళీ తట్టి, అక్కడే ఆగిపోయింది.

"ఏమ్మా, నిలబడ్డావే? పట్టు!" అన్నాడు దాలినాయుడు.

"ఘంటం పట్టు తల్లీ" అని బయటినించి తండ్రి.

"రాయి మూలుగుతోంది" అంది నీలాలు.

ఊరంతా గొల్లున నవ్వింది. పైడమ్మ నవ్వలేదు. జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"ఎక్కడే?"

"ఈ స్తంభంలో, నా నడుమెత్తున."

"ఎంతసేపు ఆగుద్ది?"

"తెలీదు మామ్మా! తెలీదు!"

పైనించి చిటికెడు రాతిపొడి రాలి పీట మీద పడింది. పైడమ్మ చూసింది.

"నాయుడు బాబూ, పిల్లల్ని లేపండి!"

"సాన పట్టేదానికి ఇక్కడ నోరెందుకు? లేచినవాళ్ళకి పొలిమేరే!"

పిల్లలు బిక్కచచ్చిపోయారు. లేస్తే ఊరు పోతుంది, కూర్చుంటే ప్రాణం పోతుంది. కన్నతల్లులే బయటినించి "లేవకండర్రా, లేవకండి" అని చేతులూపుతున్నారు. అంత పిచ్చిదండీ కట్టుబాటంటే! మళ్ళీ పొడి రాలింది. ఈసారి గుప్పెడు.

అప్పుడు పైడమ్మ ఏం చేసింది? లేవమని పిల్లల్ని బతిమాలలేదు. పీట మీదికి వంగింది. కర్రు తీసింది, ఉలి తీసింది, ఘంటం తీసింది. మూడూ పీటతో సహా చంకన పెట్టుకుని ఎండలోకి పరుగెత్తింది.

"పీట ఎక్కడుంటే పట్టుడు అక్కడే! రండర్రా!"

పీట వెనకే పరుగెత్తితే పీట దగ్గర్నించి లేచినట్టు కాదు కదా! పన్నెండుమందీ ఆవిడ వెనక ఒక్క ఉరుకు ఉరికారు. చివరి పిల్ల మడమ గడప దాటిందో లేదో, స్తంభం నడుమెత్తున విరిగింది. కప్పు కప్పంతా కూలింది. దుమ్ము అణిగాక పైడమ్మ పీట దించి మూడు పనిముట్లూ దాని మీద పెట్టింది.

నీలాలు పీట దగ్గరికి నడిచింది. తండ్రి వైపు ఒకసారి చూసి ఉలి పట్టుకుంది. సింహాద్రి ఆ చెయ్యి అందుకుని ఏడ్చేశాడు. "ఈ చేతి మీదే కదమ్మా కొట్టాను."

కథ ఇక్కడైపోతే ఎంత బావుణ్ణు!

దాలినాయుడు గొంతు సవరించుకున్నాడు. "పైడమ్మా, నువ్వు మూడూ పట్టావు. మూడూ విడిచావు."

పైడమ్మ ఊరందరి వైపూ చూసింది. ఒక్కడు నోరు మెదిపితే ఒట్టు. బిడ్డల్ని గుండెకి హత్తుకున్న తల్లులు కూడా తలొంచుకున్నారు. సిగ్గులేని ఊరు. మా ఊరే లెండి.

"కట్టుబాటు మీది. సానరాయి నాది" అంది పైడమ్మ. రాయి నెత్తిన పెట్టుకుంది. పొలిమేర దాటి, సరిగ్గా పది అడుగుల అవతల కూర్చుంది.

ఇనుము మొద్దుబారక మానుతుందా? ఊరు ఊరంతా పొలిమేర దాటి ఆవిడ దగ్గరికే వెళ్ళాల్సొచ్చింది. పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు. ఆవిడ ఒక్కటే అడిగేది: "ఊరికే ఉంటే నీ చెయ్యి ఎటు పోద్దిరా?" ఆ పిల్ల ఏం చెబితే అది వినేది. తండ్రి మధ్యలో మాట్లాడబోతే కసిరేది. ఊరు లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు, ఆవిడా అడగలేదు. అక్కడే ముసలిదైంది. ఒక మధ్యాహ్నం సాన మీద చెయ్యి వేసుకునే పోయింది.

పొలిమేర అవతల పోయినవాళ్ళకి ఊరు పాడె కట్టదు. దాలినాయుడి తర్వాత ఊరి పెద్దైన అతని కొడుకు అదే మాటన్నాడు.

నీలాలు అప్పటికి రాళ్ళపనిలో చెయ్యి తిరిగిన మనిషి. ఎవరితోనూ వాదించలేదు. గునపం తీసుకెళ్ళి పొలిమేర రాయి పెకలించింది. ఆనాటి పదకొండుమందీ వచ్చి తలో చెయ్యీ వేశారు. ఆ రాయిని మోసుకెళ్ళి పైడమ్మకి అవతల పది అడుగుల దూరంలో పాతారు.

"ఇప్పుడు కట్టండి పాడె" అంది నీలాలు. "ఆవిడ ఊళ్ళోనే ఉంది."

అందుకే ఇప్పటికీ మా పొలిమేర తిన్నగా ఉండదు, అక్కడ ఒక వంపు తిరుగుతుంది. పదిహేనేళ్ళ పిల్లల్ని అక్కడికే తీసుకెళ్తాం. సానరాయి మీద ఆవిడ అరగదీసిన గుంటలో చెయ్యి పెట్టించి, ఆవిడ అడిగిందే అడుగుతాం. పెద్దవాళ్ళం నోరు మూసుకుంటాం.

పట్టిన పని మీద ఎవరికైనా మనసు విరిగితే, ఇప్పటికీ పాత మాటే అంటాం, కాకపోతే చివర కొంచెం కలుపుతాం: "విడిస్తే పొలిమేర దాకా వెళ్ళిరా."

వెళ్తారు. వస్తారు. ఇంకోటి పడతారు.